ముప్పయ్యో కార్డు ఎందుకు పెట్టారు?

(డిజిటల్ కార్డ్ గేమ్‌లు కొత్తగా ఆడుతున్నవారి కోసం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్‌లో మీ ఆట తెరిచి, మీరు సొంతంగా కట్టుకున్న డెక్, అంటే ఆటకి తీసుకెళ్ళే కార్డుల కట్ట, ఒకటి బయటికి తీయండి. హార్త్‌స్టోన్, మ్యాజిక్ అరీనా, పోకెమాన్ పాకెట్, మాస్టర్ డ్యూయల్, మార్వెల్ స్నాప్... ఏదైనా ఫరవాలేదు. మీరు అన్నిటికంటే ఆఖర్న పెట్టిన కార్డు ఏదో చూడండి. అది ఎందుకు పెట్టారో పక్కన కూర్చున్నవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పండి.

(సభలో మాటలు, నవ్వులు)

ముందు వరసలోంచి ఒకాయన "ఒకటి తగ్గిందండీ, అందుకని" అన్నారు. ఇటువైపు ఇంకెవరో "బొమ్మ బాగుంది" అన్నారు. నిజాయితీగా చెప్పారు, సంతోషం. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ ఒక్క కార్డు గురించే.

ముప్పై కార్డుల డెక్‌లో మొదటి ఇరవై ఎవరైనా ఆలోచించే పెడతారు. ఆ తర్వాతే విసుగొస్తుంది. పక్కన 22/30 అని అంకె కనపడుతుంటుంది, ఆట ఎప్పుడు మొదలుపెడదామా అని చెయ్యి దురద పెడుతుంటుంది, చేతికందినవి పడేసి అంకె 30 అవగానే 'ప్లే' నొక్కేస్తాం. అయితే కార్డులు కలిపే కంప్యూటర్‌కి మీరు ఏది మనసుపడి పెట్టారో, ఏది విసుగొచ్చి పెట్టారో తెలీదు. ఆ ఆఖరి పదీ మొదటి ఇరవైతో సమానంగానే చేతికొస్తాయి. అంటే మీరు తీసే ప్రతి మూడు కార్డుల్లో సగటున ఒకటి, మీరు ఆలోచించకుండా పెట్టింది. మూడు సార్లలో ఒకసారి మీ ఆట మీరు ఆడట్లేదన్నమాట. ఓడిపోయాక "నాకు కార్డులు రాలేదు" అంటాం. వచ్చాయి, మనం పెట్టినవే వచ్చాయి.

డెక్ ఎన్ని కార్డులుండాలి అన్నది ఒక్కో ఆటకీ ఒక్కోలా ఉంటుంది. త్వరగా చెప్పేస్తాను. హార్త్‌స్టోన్‌లో మామూలుగా 30, ఒక్కో కార్డుకి రెండు కాపీల దాకా, అన్నిటికంటే అరుదైన లెజెండరీ కార్డు అయితే ఒకటే. మ్యాజిక్‌లో కనీసం 60, బేసిక్ ల్యాండ్లు, అంటే మిగతా కార్డులు దింపడానికి శక్తినిచ్చేవి, తప్పిస్తే ఏదైనా నాలుగు దాకా. మాస్టర్ డ్యూయల్‌లో మెయిన్ డెక్ 40 నుంచి 60, మూడేసి కాపీలు. పోకెమాన్ టీసీజీ లైవ్‌లో సరిగ్గా 60. పాకెట్‌లో 20, ఒకే పేరున్న కార్డు రెండు. మార్వెల్ స్నాప్‌లో పన్నెండంటే పన్నెండే, అన్నీ ఒక్కొక్కటే. ఇవి బట్టీ పట్టక్కర్లేదు, తప్పు పెడితే ఆటే ఒప్పుకోదు.

కానీ ఈ హద్దులు ఎందుకొచ్చాయో తెలుసుకుంటే ఒక సంగతి అర్థమవుతుంది. ఈ తరహా ఆటలన్నిటికీ పెద్దన్న మ్యాజిక్: ద గ్యాదరింగ్. 1993లో వచ్చింది. దాన్ని సృష్టించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ చేసినాయన. మొదటి నియమాల్లో డెక్ కనీసం 40 కార్డులుంటే చాలు, ఒకే కార్డు ఎన్ని కాపీలైనా పెట్టుకోవచ్చు. ఇంకేముంది, బలమైన కార్డు దొరికినవాళ్ళు దాన్నే గుట్టగా పోసేయడం మొదలుపెట్టారు. తర్వాత 60 అనీ, నాలుగు కాపీలనీ కట్టడి చేయాల్సొచ్చింది. చూడండి, వదిలేస్తే ఆట తెలిసినవాళ్ళు తక్కువ రకాలు, ఎక్కువ కాపీలు పెడుతున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు సరిగ్గా తిరగేసి చేస్తారు: ముప్పై కార్డులు, ముప్పై రకాలు. దగ్గరున్న మంచివన్నీ తలా ఒకటి.

దీనివల్ల నష్టం ఎంతో లెక్క వేద్దాం. భయపడకండి, నేనే వేసుకొచ్చాను.

మాస్టర్ డ్యూయల్ తీసుకోండి. మొదట చేతికి ఐదు కార్డులొస్తాయి. 40 కార్డుల డెక్‌లో ఒక కార్డు మూడు కాపీలు పెడితే, ఆ ఐదింట్లో అది కనీసం ఒక్కటైనా ఉండే అవకాశం దాదాపు 34 శాతం. ఒక్క కాపీయే పెడితే పన్నెండున్నర. ఇప్పుడు, మూడు కాపీలూ అలాగే ఉంచి, "ఇవి కూడా బావున్నాయి కదా" అని ఇంకో ఇరవై కార్డులు కలిపి డెక్‌ని 60 చేశామనుకోండి. 34 కాస్తా 23కి పడిపోతుంది. కలిపిన ఇరవై కార్డులూ మంచివే కావచ్చు. అయినా మీ అన్నిటికంటే మంచి కార్డు మీకు దూరమైంది. అందుకే ఆట "40 నుంచి 60 దాకా" అంటే మీరు 40 అని వినాలి. అనుభవమున్నవాళ్ళు కావాలని 60 పెట్టే డెక్‌లు కొన్ని ఉన్నాయి, కాదనను. వాళ్ళకి దానికో కారణం ఉంటుంది. మీకు కారణం లేనంతకాలం కనీస సంఖ్యే మీ సంఖ్య.

హార్త్‌స్టోన్‌లో ఇంకోలా చూద్దాం. ఆట మధ్యకొచ్చేసరికి పది కార్డులు చూశారనుకోండి. రెండు కాపీలున్న కార్డు అప్పటికి కనపడే అవకాశం 56 శాతం. ఒక్క కాపీ అయితే 33. సగానికి పైన, మూడో వంతు. ఈ రెంటికీ ఉన్న తేడాయే "నా డెక్ ఇలా ఆడుతుంది" అని చెప్పగలగడానికీ, "ఏమొస్తే అదే ఆడతాను" అనడానికీ ఉన్న తేడా.

మార్వెల్ స్నాప్ ఆడేవాళ్ళు నవ్వుకుంటున్నారు, మాకీ బాధ లేదని. మీ డెక్ 12, మొదట మూడు, టర్న్‌కి ఒకటి చొప్పున ఆరో టర్న్‌కి తొమ్మిది కార్డులు చూసేస్తారు. ఏ కార్డైనా వచ్చే అవకాశం 75 శాతం. బావుంది. రెండు కార్డుల కాంబో, అంటే కలిసొస్తేనే పనిచేసే జత, పెట్టుకున్నారు, రెండూ రావాలి: 55 శాతం. మూడు కార్డులు కలిస్తేనే పేలే కాంబో అయితే 38. అదీ ఆఖరి టర్న్‌కి. అంత చిన్న డెక్‌లోనే మూడు కార్డుల కల పది ఆటల్లో ఆరుసార్లు నెరవేరదు. కాంబో పెట్టుకోవద్దనట్లేదు. అది రాని ఆ ఆరు ఆటల్లో మిగతా తొమ్మిది కార్డులూ ఏం చేస్తాయి అన్నది ముందే చూసుకోవాలి.

ఇక అసలు విషయం. డెక్ కట్టేముందు ఒక ప్రశ్నకి జవాబు ఉండాలి: నేను ఎలా గెలుస్తాను, దాదాపు ఏ టర్న్‌లో? మంచి కార్డులు పెట్టి ఎలాగోలా గెలుస్తాననేది జవాబు కాదండీ. "మొదటి టర్న్ నుంచి చిన్న చిన్న మినియన్లని, అంటే మన తరఫున కొట్టే జీవుల్ని, దింపి, అవతలివాడు తేరుకునేలోపు ఆరో టర్న్‌కల్లా అతని 30 హెల్త్, అంటే ప్రాణం, లాగేస్తాను." ఇది జవాబు. దీన్ని ఆగ్రో అంటారు. "అతను దింపిందల్లా తీసేస్తూ, నా హెల్త్ కాపాడుకుంటూ, తొమ్మిదో పదో టర్న్‌లో అతని దగ్గర జవాబు లేనిదొకటి దింపుతాను." ఇది కంట్రోల్. "ఈ రెండు కార్డులూ చేతికొచ్చేదాకా బతికుంటాను, వచ్చాక ఒకే టర్న్‌లో ముగించేస్తాను." ఇది కాంబో. మధ్యలో మిడ్‌రేంజ్ అని ఒకటుంది, పేరులోనే ఉంది. ఇంకా ఉపరకాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు.

మొదటి డెక్‌కి నా సలహా ఆగ్రో. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు, బుర్ర లేకుండా మొహమ్మీద కొట్టడమేగా అని. నా ఉద్దేశంలో కొత్తవాళ్ళకి అంత బాగా నేర్పే డెక్ ఇంకోటి లేదు. ఆట త్వరగా అయిపోతుంది కాబట్టి గంటలో ఎక్కువ ఆటలు ఆడతారు. ఖరీదైన కార్డులు పెద్దగా అక్కర్లేదు. పైగా ఓడిపోతే ఎక్కడ ఓడిపోయారో కనపడుతుంది. కంట్రోల్ డెక్‌తో ఓడినప్పుడు, నాలుగో టర్న్‌లో చేసిన తప్పు పన్నెండో టర్న్‌లో బయటపడుతుంది. అప్పటికి దాన్ని పట్టుకోవడం పాతకాపులకే కష్టం.

ఇప్పుడు మానా కర్వ్. మానా అంటే కార్డు దింపడానికి ఖర్చుపెట్టే శక్తి, కర్వ్ అంటే ఏ ధర కార్డులు ఎన్ని పెట్టామన్నది. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే కొత్తవాళ్ళ డెక్‌లు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే.

హార్త్‌స్టోన్‌లో మొదటి టర్న్‌లో ఒక మానా, రెండో టర్న్‌లో రెండు, అలా పది దాకా పెరుగుతుంది. మొదటి ఐదు టర్న్‌లలో మీకు వచ్చే మానా మొత్తం ఎంత? ఒకటీ రెండూ మూడూ నాలుగూ ఐదూ, పదిహేను. మీ డెక్ నిండా పెద్ద పెద్ద డ్రాగన్లే ఉన్నాయి, మొదటి కార్డు నాలుగో టర్న్‌లోగానీ దింపలేదనుకోండి. వాడింది నాలుగూ ఐదూ తొమ్మిది, వృథా అయింది ఆరు. మీకిచ్చిన దాంట్లో 40 శాతం పారబోశారు. అవతలివాడు పదిహేనూ వాడుకున్నాడు. మీ కార్డులు అతని కార్డులకన్నా ఎంత గొప్పవైనా, ఆ ఆరు మానాల లోటు పూడ్చడం మాటలు కాదు. వాడని మానా మిగలదు, తర్వాతి టర్న్‌కి రాదు. లెజెండ్స్ ఆఫ్ రూనెటెరా అనే ఇంకో ఆటలో మిగిలిన మానా మూడు దాకా స్పెల్స్‌ కోసం దాచుకోవచ్చుగానీ, అక్కడ కూడా దాంతో యూనిట్లు, అంటే అక్కడి మినియన్లు, దింపలేం.

అయితే రెండు మానా కార్డులు ఎన్ని పెట్టాలి? ముందు ఆడేవాడి సంగతే చూద్దాం. మొదట మూడు కార్డులు, రెండో టర్న్‌కల్లా ఐదు కార్డులు చూస్తాడు. డెక్‌లో రెండు మానా కార్డులు రెండే ఉంటే, రెండో టర్న్‌కి ఒక్కటైనా చేతిలో ఉండే అవకాశం 31 శాతం. ఆరు పెడితే 70. ఎనిమిది పెడితే 81 దాటుతుంది. మలిగన్‌లో నచ్చని కార్డులు వెనక్కిచ్చి వేరేవి తీసుకోవచ్చు కాబట్టి నిజంలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, "రెండు మానా కార్డులు చప్పగా ఉంటాయి, రెండు చాలు" అనేమాట ఇంక నోట్లోంచి రాదు.

పోసుకోవడానికి ఒక మూస చెప్తాను. ముప్పై కార్డుల వేగమైన డెక్‌కి ఒక మానావి నాలుగు, రెండువి ఎనిమిది, మూడువి ఆరు, నాలుగువి ఆరు, ఐదువి నాలుగు, అంతకు పైన రెండు. మొత్తం ముప్పై. ఇది వేదవాక్కు కాదు. కాస్త ఆడాక మీ డెక్ దీన్నుంచి పక్కకి జరుగుతుంది, జరగాలి కూడా. కానీ మొదటిసారి కట్టేటప్పుడు దీనికి దూరంగా ఉంటే ఎందుకు దూరంగా ఉందో మీకు తెలిసుండాలి.

ఒక మినియన్ ఆ ధరకి తగిందా కాదా అని ఎలా చూడాలి? హార్త్‌స్టోన్‌లో పాత కొలబద్ద ఒకటుంది, చిల్‌విండ్ యెటి. నాలుగు మానా, దాడి నాలుగు, హెల్త్ ఐదు, దాని మీద ఇంకే రాతా ఉండదు. రెండు మానాకి రెండు-మూడు, ఆరు మానాకి బౌల్డర్‌ఫిస్ట్ ఓగర్ ఆరు-ఏడు. అంటే ధర ఎంతో దాడి అంత, హెల్త్ దానికి ఒకటి ఎక్కువ. ఇప్పుడొచ్చే కార్డులతో పోలిస్తే ఈ యెటిని ఎవరూ డెక్‌లోకి రానివ్వరు. కానీ కొలవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. నాలుగు మానాకి మూడు-మూడు ఉందంటే, ఆ తగ్గిన మూడు పాయింట్లకీ బదులుగా కార్డు మీద రాసింది ఏం చేస్తుందో చూడండి. దానికి సమాధానం దొరక్కపోతే ఆ కార్డు మీకు బాకీ ఉన్నట్టే.

మ్యాజిక్ వాళ్ళకి ఇంకో చిక్కు. అక్కడ మానా దానంతటదే రాదు, ల్యాండ్ కార్డులు డెక్‌లోంచే రావాలి. 60 కార్డులకి 24 ల్యాండ్లు అనేది మొదలుపెట్టడానికి మంచి అంకె. కొత్తవాళ్ళు "ల్యాండ్ ఏం చేస్తుంది, ఊరికే కూర్చుంటుంది" అని ఇరవైకి దించి, మిగిలిన నాలుగు చోట్లా రాక్షసుల్ని పెడతారు. ముందు ఆడితే నాలుగో టర్న్‌కి పది కార్డులు చూస్తారు. 24 ల్యాండ్లుంటే సగటున నాలుగు వస్తాయి, అంటే నాలుగో టర్న్‌కి నాలుగు. ఇరవై ఉంటే మూడూ చిల్లర. ఆ నాలుగు మానా రాక్షసులు చేతిలోనే కూర్చుంటారు. అన్నీ ఒకటి, రెండు మానాల కార్డులే అయితే ల్యాండ్లు తగ్గించొచ్చు, అది వేరే సంగతి. ఇంకోటి, మొదటి డెక్ ఒక్క రంగుతో కట్టండి. తప్పదంటే రెండు. మూడో రంగు గురించి కనీసం ఈ నెల ఆలోచించకండి.

పాకెట్‌లో దాడికి కావాల్సిన ఎనర్జీకి వేరే కార్డులే ఉండవు. ఎనర్జీ జోన్ నుంచి టర్న్‌కి ఒకటి వస్తుంది, ముందు ఆడేవాళ్ళకి మొదటి టర్న్‌లో మాత్రం రాదు. హాయిగా ఉంది కదా అని రెండు రకాల ఎనర్జీ పెట్టుకుంటారు. అప్పుడు ఏ టర్న్‌లో ఏది వస్తుందో మీ చేతిలో ఉండదు. నిప్పు కావాల్సినప్పుడు నీరొస్తుంది. ఒకే రకం పెట్టుకుంటే ఆ బాధే లేదు. స్టేజ్ 2, అంటే రెండుసార్లు ఎదిగి వచ్చే పోకెమాన్ పెట్టాలనుకుంటే దాని కింద రెండు మెట్లూ (బేసిక్, స్టేజ్ 1) పెట్టాలి. రెండు, రెండు, రెండు, ఆరు కార్డులు. అలాంటి వంశాలు రెండు పెడితే ఇరవైలో పన్నెండు అయిపోయాయి. కార్డులు తీసుకోవడానికి ప్రొఫెసర్స్ రీసెర్చ్ రెండు, బేసిక్ పోకెమాన్‌ని వెతికి తెచ్చే పోకే బాల్ రెండు పెడితే పదహారు. మిగిలింది నాలుగు. ఇప్పుడు ఆలోచించండి, రెండో వంశం నిజంగా కావాలా?

పాకెట్‌లో ఒక చక్కని కిటుకు ఉంది. మొదటి ఐదు కార్డుల్లో ఒక బేసిక్ పోకెమాన్ తప్పకుండా ఉండేలా ఆటే చూసుకుంటుంది. అంటే మీ డెక్‌లో బేసిక్ ఒకే రకం ఉంటే, ప్రతి ఆటా దాంతోనే మొదలవుతుంది. ఒక కార్డు పెట్టకపోవడం వల్ల ఇంకో కార్డు ఎంత బలపడుతుందో ఇంతకంటే బాగా ఎక్కడా కనపడదు.

ఇప్పుడు కోత. డెక్ కట్టడంలో సగం పని ఇదే. అందరికీ మనసొప్పనిదీ ఇదే.

ఒక వేగమైన డెక్ అనుకుందాం. ముప్పైకి ముప్పై నాలుగు నచ్చాయి, నాలుగు తీసేయాలి. తీసేయడానికి ఐదు కార్డులు బల్లమీద పెట్టాను. ఒకటి, ఎనిమిది మానా డ్రాగన్. రెండోది, మీ హీరోకి ఎనిమిది హెల్త్ తిరిగిచ్చే కార్డు. మూడోది, అవతలివాడి ఆయుధాన్ని విరగ్గొట్టే మినియన్. నాలుగోది, బల్ల మీదున్న మీ మినియన్లందరికీ దాడీ హెల్త్ రెండేసి పెంచేది, ఐదు మానా. ఐదోది, ఏ విశేషమూ లేని రెండు మానా మినియన్, రెండు-మూడు. ఏ నాలుగు తీసేస్తారు?

(సభలోంచి: "రెండు-మూడు తీసేద్దాం!")

అనుకున్నాను. ఒక్కోటీ చూద్దాం.

డ్రాగన్. మన ప్లాన్ ఆరో టర్న్‌కి గెలవడం. ఎనిమిదో టర్న్ దాకా ఆట సాగిందంటే మన ప్లాన్ అప్పటికే బెడిసింది. ఈ డ్రాగన్ మొదటి చేతిలోనే వచ్చిందనుకోండి, ఏడు టర్న్‌ల పాటు మీరు ఒక కార్డు తక్కువతో ఆడుతున్నట్టే. తీసేయాలి.

హెల్త్ ఇచ్చేది. చావకుండా ఉండటం మంచిదే. కానీ మనది చంపే డెక్. ఆ టర్న్‌లో మన దాడి ఆగింది, అవతలివాడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. కంట్రోల్ డెక్‌లో ఇదే కార్డు బంగారం. ఇక్కడ తీసేయాలి.

ఆయుధం విరగ్గొట్టేది. ఆయుధం వాడేవాడు ఎదురైతే అద్భుతం, లేకపోతే తగ్గిన బలంతో ఓ మామూలు మినియన్. ల్యాడర్‌లో, అంటే ర్యాంకు కోసం ఆడే ఆటల్లో, ఎవరు ఎదురవుతారో ముందే తెలీదు, ఒకే ఆటతో తేలిపోతుంది. మ్యాజిక్‌లో మూడు ఆటల పోటీ అయితే ఇలాంటివి డెక్ పక్కన ఉంచే సైడ్‌బోర్డ్‌లో పెట్టుకుని, అవతలివాడెవడో చూశాక తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. వరసగా ఆయుధాలవాళ్ళే తగులుతున్నారని మీకు తెలిస్తే అప్పుడు పెట్టండి. ఇప్పటికి తీసేయాలి.

ఇప్పుడు నాలుగోది, అందరికీ రెండేసి పెంచేది. ఇది చాలా ఆకర్షిస్తుంది. నలుగురు మినియన్లుంటే ఎనిమిది దాడి పెరిగినట్టు! కానీ ఒక్క సంగతి ఊహించుకోండి. ఐదో టర్న్, అవతలివాడు మీ బల్ల మొత్తం తుడిచిపెట్టాడు, ఇది మీ చేతిలో ఉంది. దీనికి పనేం లేదు. ఒక్క మినియన్ ఉంటే? ఐదు మానాకి రెండు-రెండు. బల్లనిండా మనవాళ్ళే ఉంటే ఇది లేకపోయినా గెలిచేవాళ్ళమేమో. ఇలాంటివాటిని ఆటగాళ్ళు 'విన్ మోర్' కార్డులంటారు, గెలుస్తున్నప్పుడు ఇంకా గెలిపించేవి. ఆగ్రోలో ఇది పూర్తిగా పనికిరానిదనను, ఆట ముగించడానికి ఒకటి ఉంచుకునేవాళ్ళున్నారు, వాళ్ళతో పోట్లాడను. రెండు కాపీలు పెడితే మాత్రం పోట్లాడతాను.

మిగిలింది రెండు-మూడు. బొమ్మ కూడా ఏమంత బాగుండదు. కానీ రెండో టర్న్‌లో దింపొచ్చు, ఏడో టర్న్‌లో ఐదు మానా కార్డుతో కలిపి దింపొచ్చు, బల్ల ఖాళీగా ఉన్నా పనికొస్తుంది, ఎవడు ఎదురైనా పనికొస్తుంది. ముప్పయ్యో కార్డు ఇది. ఎందుకు పెట్టారంటే ఒక్క ముక్కలో చెప్పగలరు: రెండో టర్న్ ఖాళీగా పోకుండా.

(ప్రశ్న: "ప్యాక్‌లో లెజెండరీ వచ్చిందండీ. పెట్టుకోకుండా ఎలా ఉంటాం?")

ఉండలేరు, నాకు తెలుసు. ఒక డెక్‌లో పెట్టి కాసేపు సరదాగా ఆడుకోండి, ఎవరూ కాదనరు. కానీ రేరిటీ అనేది ఆ కార్డు ఎంత అరుదుగా దొరుకుతుందో చెప్పేది, ఎంత బలమైందో చెప్పేది కాదు. ఎన్నో గొప్ప డెక్‌ల వెన్నెముక కామన్ కార్డులే. మ్యాజిక్‌లో లైట్నింగ్ బోల్ట్ చూడండి, ఒక మానాకి మూడు డ్యామేజ్. మొదటి సెట్‌లో అది కామనే. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాన్ని చూసి భయపడతారు.

ఆ మాటకొస్తే డస్ట్, అంటే కార్డులు తయారుచేసుకోవడానికి ఖర్చుపెట్టే పొడి, దాని సంగతి కూడా ఇక్కడే చెప్తాను. హార్త్‌స్టోన్‌లో కావాల్సిన కార్డు తయారుచేసుకోవాలంటే కామన్‌కి 40 డస్ట్, రేర్‌కి 100, ఎపిక్‌కి 400, లెజెండరీకి 1600. ఉన్నది విరగ్గొడితే తిరిగొచ్చేది వరసగా 5, 20, 100, 400. అంటే లెజెండరీ విరగ్గొడితే నాలుగో వంతు వస్తుంది, కామన్ విరగ్గొడితే ఎనిమిదో వంతే. కొత్తలో ఆవేశంగా అన్నీ విరగ్గొట్టి ఒక లెజెండరీ చేసుకుంటారు. నెల తిరిగేసరికి ఆ విరగ్గొట్టిన కామన్లే మళ్ళీ కావాల్సొస్తాయి, ఎనిమిది రెట్ల ధరకి. కాపీలు ఎక్కువైనవి తప్ప ఏదీ విరగ్గొట్టకండి. మాస్టర్ డ్యూయల్‌లో మామూలు కార్డు ఒకటి విరిస్తే 10, తయారీకి 30. అదే రేరిటీవి మూడు పోతేగానీ ఒకటి రాదు. మ్యాజిక్ అరీనాలో ఈ విరగ్గొట్టడం లేదు, కావాల్సిన కార్డుగా మార్చుకునే వైల్డ్‌కార్డులుంటాయి. రేర్ వైల్డ్‌కార్డు ఒక్కటి ఖర్చుపెట్టే ముందు, ఆ కార్డు ఇంకో డెక్‌లోకి కూడా పనికొస్తుందా అని చూసుకోండి.

(ప్రశ్న: "మెటాలో, అంటే ఇప్పుడు ఎక్కువమంది ఆడి గెలుస్తున్నవాటిలో, ఉన్న డెక్ కాపీ కొట్టడం తప్పా? అప్పుడు మనం కట్టినట్టు కాదుగా?")

తప్పేం కాదు. నెట్‌డెక్, అంటే నెట్‌లో దొరికే డెక్, తెచ్చుకోండి, ఆడండి. కాకపోతే ఒక పద్ధతిలో. తెచ్చుకోగానే ప్రతి కార్డుకీ 'ఇదెందుకుంది' అని మీకు మీరే చెప్పుకోండి. కొన్నిటికి చెప్పలేరు. ఆ చెప్పలేని కార్డుని తీసి మీకు నచ్చింది పెట్టకండి, చాలామంది చేసేది అదే. దాన్ని అలాగే ఉంచి, అది చేతికొచ్చినప్పుడు ఏం జరుగుతోందో గమనించండి. మీకు అర్థంకాని ఆ కార్డులోనే ఆ డెక్ కట్టినవాడి తెలివి ఉండి ఉండొచ్చు. లేదా నిజంగానే అనవసరం కావచ్చు. ఆడి తేల్చుకోండి. కార్డు లేక వేరేది పెట్టాల్సొస్తే, అదే ధరకి అదే పని చేసేదాన్ని వెతకండి. మూడు మానాకి రెండు కార్డులు తీయించే ఆర్కేన్ ఇంటెలెక్ట్ లేదని ఆ చోట మూడు మానా మినియన్‌ని పెడితే ధర సరిపోయింది, పని పోయింది.

(ప్రశ్న: "ఎన్ని ఆటలాడాక డెక్ బాగుందో లేదో చెప్పొచ్చు?")

మంచి ప్రశ్న. సరిగ్గా సగం గెలిచే డెక్ ఉందనుకోండి, బొమ్మా బొరుసూ లాంటిది. దాంతో పది ఆటలాడితే ఏడుగానీ అంతకన్నా ఎక్కువగానీ గెలిచే అవకాశం 17 శాతం. ఆరింట ఒకసారి. ఏడు ఓడిపోయే అవకాశమూ అంతే. కాబట్టి పది ఆటల్లో ఏడు గెలిచామని ఎగిరిపడక్కర్లేదు, ఏడు ఓడామని డెక్ చెరిపేయక్కర్లేదు. గెలుపోటములకన్నా త్వరగా నిజం చెప్పేది ఇంకోటుంది. ఆట అయిపోయిన క్షణంలో మీ చేతిలో మిగిలిన కార్డులు చూడండి. ఓడిన ప్రతిసారీ ఒకే కార్డు చేతిలో మిగిలిపోతోందంటే దాని పని అయిపోయింది. రెండో టర్న్‌లో ఏమీ దింపలేకపోయిన ఆటలు ఎక్కువవుతున్నాయంటే కర్వ్ చూసుకోవాలి. చేతులు ఖాళీ అయిపోయి, టర్న్‌కొచ్చే ఒక్క కార్డుతో నెట్టుకొస్తున్నారంటే కార్డులు తీయించేవి చాలట్లేదు. ఇవి నాలుగైదు ఆటల్లోనే తెలుస్తాయి. మార్చినప్పుడు ఒకేసారి ఒకటి రెండు కార్డులే మార్చండి. ఎనిమిది మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

(ప్రశ్న: "మలిగన్‌లో ఏం ఉంచుకోవాలి?")

అది ఆటని బట్టి. మాస్టర్ డ్యూయల్‌లో, స్నాప్‌లో మలిగన్ లేదు, వచ్చింది ఆడాల్సిందే. హార్త్‌స్టోన్‌లో ఏ కార్డు కావాలంటే అది వెనక్కివ్వొచ్చు. వేగమైన డెక్ అయితే నాలుగు మానా, ఆపైవి మొహమాటం లేకుండా ఇచ్చేయండి, ఎంత మంచివైనా సరే. మ్యాజిక్‌లో చేయి మొత్తం మార్చుకోవాలి. ఏడు తీసుకుని, ఎన్నిసార్లు మార్చితే అన్ని కార్డులు డెక్ అడుక్కి పంపాలి. ఏడింట్లో ఒకే ల్యాండ్ ఉంటే, "వచ్చే టర్న్‌లో వస్తుందిలే" అనకండి.

(ప్రశ్న: "ఇప్పుడు కష్టపడి డెక్ కడతాం. కొత్త సెట్ రాగానే పాతబడిపోతుంది కదా?")

కొంత నిజమే. హార్త్‌స్టోన్‌లో కొత్త సెట్లతోనే ఆడే స్టాండర్డ్ పద్ధతిలో ఏటా పాత సెట్లు పక్కకెళ్తాయి. మ్యాజిక్ స్టాండర్డ్‌లోనూ ఈ రొటేషన్ ఉంది. కానీ హార్త్‌స్టోన్‌లో కోర్ సెట్ అందరికీ ఉచితంగానే వస్తుంది, మొదటి డెక్ సగం దాంతోనే కట్టేయొచ్చు. మిగతా సగం కామన్లు, రేర్లతో నింపుకోండి, అవి పక్కకెళ్ళినా పోయేది పెద్దగా ఉండదు. లెజెండరీకి 1600 పెట్టబోయేముందు మాత్రం ఆ కార్డు ఏ సెట్‌దో, ఆ సెట్ స్టాండర్డ్‌లో ఇంకెంతకాలం ఉంటుందో చూడండి. ఇంకో రెండు నెలల్లో వెళ్ళిపోయేదైతే ఆ డస్ట్ దాచుకుని, దాని చోట రెండు మానా కార్డు ఒకటి పెట్టుకుని ఆడుతుండండి.